తేనెపట్టులో పోసిన నూనె

ఊపిరి ఇచ్చిన దేవునికి స్తోత్రం. మట్టిబొమ్మ ముక్కులో ఊది మనిషిని లేపి నిలబెట్టినవాడు ఆయన. వానలు ముఖం చాటేసిన ఏడు కూడా మా అనంతపురం ఎర్రనేలలో శెనక్కాయ చెట్టుకు నాలుగు కాయలైనా కట్టించినవాడు ఆయన. పొగగొట్టంలో పరలోక మర్మాలు వెతికిన నావంటి తెలివితక్కువవాణ్ణి ఇన్నేళ్లు ఓర్చుకున్నవాడూ ఆయనే. ఆయన నామానికే మహిమ. ఇక జరిగింది చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. తాడిపత్రికి కొంచెం అవతల, బండలు కోసే ఫ్యాక్టరీల దుమ్ము గాలికి వచ్చి వాలేంత దగ్గరలో మా సంఘం ఉండేది. నేను అక్కడి హైస్కూల్లో సైన్సు మాస్టరును. ఆదివారం ఉదయం పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. కంఠత వచనాల పోటీల్లో చిన్నప్పటి నుంచీ స్టీలు గ్లాసులు, టిఫిన్ డబ్బాలు గెలుచుకుంటూ పెరిగినవాణ్ణి. అందుచేత ఎవరు ఏ విషయం ఎత్తినా నా నోటి చివర ఒక వచనం సిద్ధంగా ఉండేది. వచనం దొరికాక ఇక ఆలోచించడమెందుకు అన్నది నా పద్ధతి. సైన్సు మాస్టరుకు ఇంత సుఖమైన పద్ధతి ఇంకోటి లేదు.

సంఘానికి ఒక పాత తెల్ల వ్యాన్ ఉండేది. ముందు సీట్ల కిందే ఇంజిన్ ఉండే చిన్నరకం. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఆదివారం ఊళ్లో ఆరాధన ముగించి రెండు ముద్దలు తిని, ఆ వ్యాన్‌లో బస్సు పోని పల్లెలకు వెళ్లేవారు. అక్కడివాళ్లు కూలికి పోయే జనం. వారమంతా ఆ ఒక్క మధ్యాహ్నం కోసం చూసేవారు. నాబోటివాడు వెళ్లి ప్రసంగం చేయొచ్చు కానీ ప్రభుబల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి అయ్యగారే కావాలి. ఆయన వెళ్లకపోతే ఆ పల్లెలకు బల్ల లేదు.

వ్యాన్ ముసలిదైంది. ఇంజిన్ నుంచి పొగ బయటికి పోయే గొట్టం మొదట్లోనే పగిలి, ఆ పొగంతా సీటు కింది నుంచి లోపలికే వచ్చేది. అయ్యగారు ఆ సీటు మీదే కూర్చునేవారు. దగ్గు పట్టుకుంది. మొదట ప్రయాణంలో దగ్గేవారు, తరువాత ప్రసంగంలో, చివరికి నిద్రలో కూడా. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, అమ్మగారితో, అంటే అయ్యగారి భార్యతో, రెండే మాటలు అన్నాడు.

"అమ్మా, పొగన్నా బండిలోనుంచి దిగల్ల, ఈయనన్నా దిగల్ల."

అమ్మగారు ఇంటికి వచ్చి వ్యాన్ తాళం చెవి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టేశారు. అయ్యగారు ఎంత బతిమాలినా ఇవ్వలేదు. పల్లెలకు బల్ల ఆగిపోయింది.

అదే సమయంలో ఇంజిన్ కూడా ప్రాణం విడిచింది. బెంగళూరులో టాక్సీ తోలే మా సంఘస్థుడొకడు కబురు పంపాడు. ఇలాంటిదే కొత్తరకం వ్యాన్‌ను వెనకనుంచి లారీ గుద్దిందట, ఇంజిన్ మాత్రం చెక్కుచెదరలేదట. అది కార్బరేటర్ లేని రకం. ఒక కంప్యూటర్ డబ్బా లెక్క చూసి పెట్రోలును తుంపరగా చిమ్ముతుంది. ఇంజిన్, ఆ డబ్బా, వైర్ల కట్ట మా ఊరికి వచ్చాయి. పొగగొట్టాలు మాత్రం రాలేదు. లారీ వాటినే నుజ్జు చేసింది.

మా ఊరి మెకానిక్‌ను అందరూ భాయ్ అనేవారు. ఎదురుగా ఉన్న బండిని వదిలేసి పోయినేడు బాగుచేసిన బండి గురించి మాట్లాడటం ఆయన అలవాటు. కొత్త ఇంజిన్ చుట్టూ రెండుసార్లు తిరిగి తీర్పు చెప్పాడు.

"సారూ, పాత గొట్టాలు దీనికి కూర్చోవు. బెజ్జాలే వేరే. ఇంకోటి, ఈ వైరు చివర ఒక ముక్కు ఉండల్ల."

"ముక్కా?"

"సెన్సర్ సార్. గొట్టంలో కూర్చొని పొగ వాసన చూస్తాది. పెట్రోలు ఎక్కువైందా, తక్కువైందా అని డబ్బాకు చెప్తాది. నన్నడిగితే అది దండగ. ముక్కు లేకున్నా నేను తోలిస్తా. పోయినేడు గుంతకల్లు డాక్టరు బండి..."

"భాయ్, అయ్యగారి దగ్గు సంగతి ఇది. ఏది ఉండాల్నో అన్నీ ఉండల్ల."

"అట్లైతే బెంగళూరుకు పో. మూడు గొట్టాలు ఒకటిగా కలిసే మేనిఫోల్డు, ముక్కు, పొగను కడిగే డబ్బా, సైలెన్సర్. అన్నీ తెచ్చుకో. బాగా చూసి తే, సారూ. పాత సామాను పెండ్లిచూపుల్లో పిల్ల మాదిరి. పైకి అంతా బాగానే ఉంటాది."

కమిటీలో ఎవరు పోవాలన్న చర్చే రాలేదు. నేనే లేచి నిలబడ్డాను. మేనిఫోల్డు అన్న మాట వినగానే నా లోపలి ప్రసంగీకుడు మేల్కొన్నాడు. మూడు ఒకటవడం! ఆ ఆదివారమే పిల్లలకు త్రిత్వం గురించి ఇంజిన్ బొమ్మ గీసి చెప్పాను. మూడు సిలిండర్లు, ఒకే గొట్టం. అయ్యగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"బాగానే చెప్పినావప్పా," అన్నారు దగ్గు ఆపుకుంటూ. "కానీ దాంట్లోనుంచి వచ్చేది పొగ. పిల్లోళ్లు దాన్ని కూడా గుర్తుపెట్టుకుంటారేమో చూడు."

బెంగళూరులో ఆ పాత సామాన్ల వీధి ఒక ఎముకల లోయ. తలుపులు ఒకచోట, చక్రాలు ఒకచోట, ఇంజిన్లు ఒకచోట. ఎండిన ఎముకలు లేచి నిలబడటం చూసిన బైబిలు ప్రవక్త దర్శనం గుర్తొచ్చి కాసేపు పరవశంగా నిలబడ్డాను. వెనకనుంచి తోపుడుబండివాడు మోకాలి వెనక గుద్దేదాకా ఈ లోకంలోకి రాలేదు. చివరికి ఒక అంగడివాడు పట్టుకున్నాడు. మా వైపు హిందూపురం మనిషి, సగం కన్నడం, సగం తెలుగు.

"బా అన్నా, బా. ఏం కావల్ల? ఇంజెక్షన్ బండిదా? ఇది చూడు."

ఎత్తి చూపించిన మేనిఫోల్డును చూసి నా గుండె ఆగింది. మూడు వెండి గొట్టాలు, ఒకదాని పక్కన ఒకటి ఒంపు తిరిగి, పెద్ద పట్నపు గుడుల్లో ఆర్గన్ గొట్టాల మాదిరి మెరుస్తున్నాయి. దేవాలయపు ఉపకరణాలన్నీ మేలిమి లోహంతో చేయించారు కదా, దేవుని సేవకుడి బండికి తుప్పుపట్టిన పోత ఇనుమా అని మనసులో వచనం తయారైంది. చెయ్యి జేబులోకి పోయింది కూడా.

"ఇది పందెం బండ్లకు వేసేది," అన్నాడు అంగడివాడు ఉత్సాహంగా. "ఇది వేసి తోల్నావంటే సింగం అరిచినట్లు అరుస్తాది!"

నేను చేతిని జేబులోనుంచి తీసేశాను. గర్జించే సింహంలా తిరిగేది ఎవడో ఆదివారపు బడిలో రెండో తరగతి పిల్లలకు కూడా తెలుసు. "ఒద్దు, ఒద్దు. అది సాతాను సంబంధం," అన్నాను. అతను గొట్టాలను, నన్ను మార్చి మార్చి చూశాడు. అంతవరకూ అతని సామానుకు పేరు పెట్టినవాళ్లు చాలామందే ఉంటారు. ఇంత పెద్ద పేరు ఎవరూ పెట్టి ఉండరు.

అలా దేవుడు నన్ను తుప్పు ఇనుము వైపు మళ్లించాడు. ముక్కు బిగించే బెజ్జం ఉన్న మామూలు మేనిఫోల్డు, ఒక సెన్సర్, ఒక సైలెన్సర్ తీసుకున్నాను. ఇక పొగ కడిగే డబ్బా. అతను రెండు తెచ్చాడు. ఒకటి తేలిగ్గా, శుభ్రంగా ఉంది. లోపలికి చూస్తే అవతలి వీధి కనపడుతోంది. ఎవరో లోపలి విలువైన సరుకు పొడిచి అమ్ముకున్నారు. రెండోది బరువుగా, మసిగా ఉంది. ఎండకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాను.

లోపల తేనెపట్టు.

వేలకు వేలు చిన్న చిన్న గదులు, వరసగా, చక్కగా. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చచ్చిన సింహం కళేబరంలో తేనెపట్టు కనుక్కున్న బైబిలు బలవంతుడి కథ మీకు తెలిసే ఉంటుంది. సింహాన్ని ఇప్పుడే కాదన్నాను. తేనెపట్టు ఇప్పుడే చేతికొచ్చింది. ఇంతకన్నా సూచన ఏం కావాలి?

"ఇదే!" అన్నాను గట్టిగా.

"పూర్తిగా చూడన్నా, వేరే బండ్లవి కూడా..."

"చాలు. ఇదే."

నేను తెచ్చినవన్నీ సరైనవేనని తరువాత తేలింది. ఒక్కటి కూడా సరైన కారణంతో ఎంచలేదు. దేవుని కృపను గురించి నేను ఎన్నో ప్రసంగాలు చేశాను కానీ దాన్ని ఇంత బరువుగా భుజాన మోసింది ఆ రోజే.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ రాయాల్సిన పని లేదు. మా సంఘంలో ఒక ఆచారం ఉంది. కానుకల దుడ్లతో కొన్నది ఏదైనా, చాపైనా, మైకైనా, నీళ్ల డ్రమ్మైనా, వాడకముందు సంఘం ఎదుట పెట్టి నూనె రాసి ప్రార్థన చేయాలి. ఇంజిన్‌ను భాయ్ షెడ్డు నుంచి మోసుకురావడం కుదరదు. కాబట్టి దాని తరఫున పొగగొట్టాలు గుడికి వచ్చాయి. బలిపీఠం ముందు తెల్ల దుప్పటి పరిచి మేనిఫోల్డు, తేనెపట్టు డబ్బా, సైలెన్సర్, సెన్సర్ వరసగా పెట్టాం. వెనక వరసలో ఒక ముసలావిడ అవి కొత్త సంగీత వాయిద్యాలనుకుని ఎవరు వాయిస్తారని అడిగింది.

అయ్యగారు కూర్చునే ప్రార్థన చేశారు. మధ్యలో మూడుసార్లు దగ్గు ఆపేసింది. పల్లెల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, ఆ బిడ్డలు బల్ల కోసం ఆకలిగొని ఉన్నారు ప్రభువా అన్నప్పుడు ఆడవాళ్లు ఏడ్చారు. తరువాత ఆయన సీసాలోని టెంకాయ నూనెలో వేలి కొన ముంచి, ఒక్కొక్కదాని పైన చుక్క పెట్టారు. అంతే.

నాకు చాలలేదు. జనం వెళ్లాక గొట్టాలు మూట కట్టే పని నాది. పక్కన సీసా దాదాపు నిండుగా ఉంది. అభిషేకమంటే గడ్డం మీదుగా కారి అంగీ అంచుదాకా దిగాలని కీర్తనల్లో ఉండగా, చుక్కతో సరిపెట్టడమేమిటి? పైగా మనిషి పైరూపం చూస్తాడు, దేవుడు లోపల చూస్తాడు. డబ్బా పైన రాస్తే ఏం లాభం? నేను దాన్ని నిలువుగా నిలబెట్టి, కళ్లు మూసుకుని, తేనెపట్టులోకి నూనె పోశాను. ఎంత పోసినా తాగింది. ఎంత విధేయత అనుకున్నాను. మిగిలిన నూనెలో సెన్సర్ కొనను ముంచి, ప్రభువా ఈ ముక్కుకు వివేచన ఇవ్వమని అడిగి, గుడ్డలో చుట్టాను.

భాయ్ రెండు రోజులు బిగించాడు. ఇంజిన్ మొదటిసారి తిప్పే రోజు అయ్యగారు, అమ్మగారు, సంఘంలో సగంమంది షెడ్డు దగ్గరికి వచ్చారు. మంగళవారమది. ఆ వచ్చే ఆదివారం పల్లెలకు బల్ల ఉంటుందని అప్పటికే కబురు పంపేశాం. ఆ కబురు పంపిందీ నేనే.

అమ్మగారు బియ్యం డబ్బాలోనుంచి తీసి తెచ్చిన తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఎంత మెత్తని శబ్దం! అందరూ చప్పట్లు కొట్టారు. నేను పాట ఎత్తుకున్నాను. రెండో చరణానికి గొట్టం వేడెక్కింది.

ముందు సన్నని తెల్లపొగ వచ్చింది. తరువాత షెడ్డు కనపడలేదు. పొగ మేఘమై దిగితే మహిమ అనుకునేవాణ్ణి, కానీ ఆ మేఘంలోనుంచి అయ్యగారి దగ్గు వినిపించింది. ఆగని దగ్గు. అమ్మగారు ఆయన ముఖానికి కొంగు అడ్డం పెట్టి రోడ్డు మీదికి నడిపించుకుపోయారు. పాట ఎక్కడ ఆగిందో నాకు గుర్తులేదు.

భాయ్ ఇంజిన్ ఆపి ముక్కు ఎగబీల్చాడు.

"సారూ, ఇది ఇంజిన్ వాసన కాదు. యాడో బజ్జీలు వేయిస్తాండారు."

అమ్మగారు రోడ్డు మీదినుంచే అన్నారు, "బజ్జీలు కాదు భాయ్. అది నా టెంకాయ నూనె. గానుగలో ఆడించి తెచ్చిన నూనె, ఆ వాసన నాకు తెల్దా? ఆదివారం సీసా ఖాళీగా ఇంటికొచ్చింది." అందరి తలలూ నా వైపు తిరిగాయి. మూట కట్టినవాణ్ణి నేనేనని అందరికీ తెలుసు.

"దాంట్లో నూనె పోసినావా, సారూ?" అన్నాడు భాయ్.

"అభిషేకం..." అన్నాను.

"యా అల్లా. నాకు చెప్పింటే మిరపకాయలు కూడా తెచ్చి పెట్టింటాను కదా."

ఆ పొగ పోవాలంటే నూనె కాలిపోవాలి, నూనె కాలాలంటే బండి నడవాలి. అద్దాలన్నీ దించి నేను, భాయ్ తాడిపత్రి రోడ్డున పడ్డాం. మా వెనక తెల్లటి తోక అరమైలు సాగింది. ఎదురుగా బండల లోడు లారీ వచ్చి అడ్డంగా ఆగింది. డ్రైవరు కిందికి దూకాడు.

"అన్నా, దిగండప్పా! బండి అంటుకుండాది!"

"ఏం కాలేదన్నా," అన్నాడు భాయ్ తల బయటపెట్టి. "మా సారు బండికి తలంటుపోసినాడు. ఆరబెట్టను తోలుకపోతాండాం."

సాయంత్రానికి పొగ పోయింది. కానీ స్పీడు మీటరు పక్కన ఇంజిన్ బొమ్మతో ఒక ఎర్రలైటు వెలిగి ఆరలేదు. బండి పెట్రోలు వాసన కొడుతోంది. భాయ్ సెన్సర్ ఊడదీసి చూపించాడు. దాని కొనకు నూనె మాడి నల్లని పెచ్చు కట్టింది. రుద్దాడు, కాల్చాడు, మళ్లీ పెట్టాడు. లైటు అలాగే ఉంది.

"ముక్కు మూసుకపోయినాది. వాసన తెలీక పెట్రోలు పోస్తానే ఉండాది కంప్యూటర్ డబ్బా. నేను ముందే చెప్తి ముక్కు వద్దని. తీసేసి తోలుదామంటే..."

"తీసేస్తే వాసన పోతాదా?"

ఆయన తల గోక్కున్నాడు. "పోదు," అన్నాడు నిజాయితీగా.

బుధవారం అమ్మగారు వచ్చి లోపల కూర్చుని అద్దాలు ఎక్కించమన్నారు. ఇంజిన్ నడిపించాం. ఆమె ఒక నిమిషం కూడా ఉండలేదు. దిగి, "ఈ బండి ఆయన ఎక్కడు," అని ఇంటిదారి పట్టారు. నేను వెంటపడి పల్లెలకు కబురు పంపామని, వాళ్లంతా ఎదురుచూస్తారని చెప్పాను.

"కబురు పంపినోడివి నువ్వు. నువ్వే పోయి చెప్పుకో, నూనె పోసినానని."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అయ్యగారిని చూడటానికి వెళ్తే ఆయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మంగళవారం పొగతో దగ్గు ఇంకా ముదిరింది. నేను తలుపు దగ్గరే నిలబడి నాకు వచ్చిన వచనాలన్నీ వెతికాను. ఒక్కటి కూడా రాలేదు. ఆయనే మాట్లాడారు.

"ఇంకో ముక్కు దొరుకుతాదేమప్పా బెంగళూరులో?"

"దొరుకుతాది అయ్యగారూ."

"అయితే పోయి తే. ఈసారి ఊరికే తే."

ఊరికే తేవడమంటే ఏమిటో నాకు అర్థమైంది. గురువారం పోయి, అదే అంగడివాడి దగ్గర, ఎండకు ఎత్తి పట్టకుండా, ఏ ప్రవక్తనూ తలుచుకోకుండా, మా ఇంజిన్ నంబరు చెప్పి దానికి సరిపోయేది అడిగి తెచ్చాను. అంగడివాడు సెన్సర్‌ను కాగితంలో చుడుతూ, "దీంట్లో దేవుడుండాడా, సాతానుండాడా అన్నా?" అని అడిగాడు. రెండూ కాదు, సెన్సరే ఉందన్నాను. శనివారం భాయ్ బిగించాడు. కాస్త దూరం తోలేసరికి ఎర్రలైటు ఆరింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారు మళ్లీ వ్యాన్ ఎక్కారు. అద్దాలు మూయించారు. నేను ఇంజిన్ వేశాను. ఆమె కళ్లు మూసుకుని సీటు దగ్గరికి వంగి, కాళ్ల కింది రబ్బరు పట్టా ఎత్తి, మళ్లీ వెనక్కి ఆనుకుని వాసన చూశారు. నాలుగు రోజుల మందుకు దగ్గు నెమ్మదించిన అయ్యగారు తెల్ల అంగీ వేసుకుని, బల్ల సామాను పెట్టె ఒళ్లో పెట్టుకుని, గుడి మెట్ల మీద పిల్లవాడిలా కూర్చుని ఆమెనే చూస్తున్నారు. అద్దం లోపల ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థిస్తున్నారో, నన్ను తిడుతున్నారో తెలియలేదు. చాలాసేపటికి తలుపు తీశారు.

"ఏమీ రాలే," అన్నారు. "ఎక్కు."

అయ్యగారు ఎక్కుతూ నా చెవి దగ్గర అడిగారు, "ఈ కొత్తదానికి ప్రార్థన చేసినావా?"

"చేసినా అయ్యగారూ. దూరం నుంచి."

ఆయన నవ్వితే దగ్గు వచ్చింది. ఒక్కసారి వచ్చి ఆగిపోయింది. దారంతా నేను ఇంజిన్ శబ్దం వినలేదు, ఆయన ఊపిరి శబ్దమే విన్నాను. ఎర్రమట్టి దారిలో గుంతలు దాటుతుంటే రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. అది దుమ్ముకు.

మొదటి పల్లెలో జనం వేపచెట్టు నీడ చాలక గోడల వెంబడి కూడా నిలబడి ఉన్నారు. అయ్యగారు రొట్టె విరిచి ఒక్కొక్కరి చేతిలో పెడుతూ ప్రతివారి పేరూ చెప్పారు. ఎన్నో నెలల తరువాత ఆ మాటల మధ్య దగ్గు లేదు. ఒక కూలి తల్లి రొట్టెముక్క అందుకుని, "అయ్యా, నీ గొంతు తిరిగొచ్చిందే," అంది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు. నేను వెనక్కి తిరిగి వ్యాన్ టైర్లు చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఆ తరువాత నా శ్రమలు మొదలయ్యాయి. ఊపిరి సలపని రోజుల్లో అయ్యగారు ఒక్కో ఇంటికి నాలుగు మాటలతో ప్రార్థన ముగించేవారు. ఇప్పుడు ఊపిరి ఉంది. ప్రతి ఇంట్లో మనుషులు, మేకలు, బోరుబావి, పుట్టబోయే బిడ్డ, అప్పిచ్చినవాడి మనసు మెత్తబడటం, ఒక్కటీ వదలకుండా దేవునికి విన్నవించారు. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని నేను ఆమెన్ కోసం ఎదురుచూశాను. నా అంత భక్తిపరుడు ఆమెన్ కోసం అంతగా తహతహలాడటం ఆ రోజే మొదలు. ఇంటికి చేరేసరికి పొద్దు గూకింది. అమ్మగారు వాకిట్లో నిలబడి ముందు ఆయన ఛాతీకి చెవి పెట్టి విన్నారు, తరువాత తాళం చెవి నా దగ్గరే ఉంచుకోమన్నారు.

ఆయన ఆ సీటు మీద ఇంకా చాలా ఏళ్లు పల్లెలకు వెళ్లారు. ఇప్పుడు వయసు మీద పడి, మంచం మీదినుంచే పల్లెల పేర్లు వరసగా చెప్పి ప్రార్థిస్తారు. ఊపిరి మళ్లీ తగ్గుతోంది, ఈసారి పొగ వల్ల కాదు. ఇది చదివిన మీరు ఏ గుడికి పోయేవారైనా, ఏ పేరుతో దేవుణ్ణి పిలిచేవారైనా, ఒక్క నిమిషం నాతో పాటు కళ్లు మూసుకోండి. ప్రభువా, ఆ ముసలి ఛాతీలోకి నీ గాలి ఇంకొంత ఊదు. బండల దుమ్ము మింగి బతికే మా తాడిపత్రి బిడ్డల ఛాతీలలోకీ ఊదు. నీ సేవకుడు ఎంత పొడుగు ప్రార్థన చేసినా ఈసారి నేను మోకాళ్లు కదపను. ఆమెన్ అనండి.